సమ్మయ్య మామ నారేప విల్లు

మా బీర్పూర్ల వాన పడితె అన్ని పనులు బందైతయి, ఒక్క సమ్మయ్య మామ నోరు తప్ప.

నేను సురేశ్. దుబాయ్ల ఏసీ డక్టులు బిగిచ్చే కంపినీల చేస్త. రెండేండ్లకోపారి రెండు నెలల సెలవు దొరుకుతది. మొన్న శ్రావణంల అచ్చిన. అచ్చిన నాలుగో దినం పొద్దుగాల తుంపర పడుతుంటే సత్యవ్వత్త చాయ్ హోటల్ కాడికి పోయిన. హోటల్ అంటె ఏం లేదు, రోడ్డు పక్కపొంటి నాలుగు రేకులు, ఒక గ్యాస్ పొయ్యి, రెండు బల్లలు. అప్పటికే ఒక బల్ల మీద సమ్మయ్య మామ కాళ్లు ముడుసుకోని కూసున్నడు. మామకు అరువై మూడేండ్లు. పద్దెనిమిదేండ్లు మస్కట్ల షట్టరింగ్ కార్పెంటర్ పని చేసి, మోకాళ్లు అరిగినంక ఇంటికచ్చిండు. మస్కట్ నుంచి ఏం తెచ్చినవ్ మామా అంటె, "ముచ్చట్లు" అంటడు. నిజమే, పెట్టె నిండ అవే తెచ్చిండు.

నేను చాయ్ అందుకున్ననో లేదో, సాయిలు కాక తడుసుకుంట అచ్చిండు. చేతుల పాలితిన్ కవర్, కవర్ల పాస్‌పోర్ట్.

"సురేశూ, మీ కంపినీల హెల్పర్లను తీస్కుంటుండ్రా?"

"ఎవలకు కాకా?"

"నాకేరా."

నేను గుటక ఆపిన. కాకకు యాభై దాటినయి. జిందగీల కరీంనగర్ అవుతలికి పోయిన మనిషి గాదు. ఆ పాస్‌పోర్ట్ ఎప్పుడు తీసిండో ఊర్ల ఎవ్వలికి తెల్వది.

"కోతులురా," అన్నడు కాక. "రెండెకరాల మక్కచేను. కంకి పాలు పట్టింది. నిన్న ఒక్కనాడే నాలుగు సాళ్లు బుక్కి పోయినయి. పటాకులు కాల్చిన. చీరెలు కట్టిన. మెట్‌పల్లికి పోయి పులి బొమ్మ తెచ్చి పెట్టిన. ఆ పులి మీద కూసోని కంకి ఒలుసుకున్నయిరా. ఇగ నాతోని గాదు. చేను పడావు పెట్టి అటే అస్త."

సమ్మయ్య మామ గిలాస కింద పెట్టి, మూతి తుడుసుకున్నడు.

"సాయిలూ, గా పాస్‌పోర్ట్ లోపల పెట్టు, తడుస్తది. కోతులకు మందు దుబాయ్ల లేదు. నా ఇంట్ల ఉన్నది."

"ఏంది బావా అది?"

"విల్లు."

సత్యవ్వత్త మా దిక్కు సూడకుంటనే పొయ్యి మంట తగ్గిచ్చింది. "ఇగ అయితది తియ్యి. పాలు పొంగినా ఎవ్వలు సూడరు," అన్నది.

మామ గా మాట ఇననట్టే చేసి, సాయిలు కాకకు జాగ ఇచ్చి పక్కకు జరిగిండు.

"పోయిన దసరా అయినంక ముచ్చట ఇది. మీరందరు కోతులు కోతులని మొత్తుకుంటున్నరు, నేను మొత్తుకోలె, ఆలోచన చేసిన. కోతి రాయికి భయపడది, పటాకకు నాలుగు దినాలు భయపడ్తది, ఐదో దినం తనే అగ్గిపుల్ల అడుగుతది. విల్లుకు మాత్రం భయపడ్తది. ఎందుకు? పురాణాల కాలం సంది దానికి విల్లంటె ఎరుక. సరే, విల్లు చేద్దామనుకున్న. వెదురు బద్ద చీరి తాడు కడితె ఎవడైన చేస్తడు విల్లు. కని వెదురంటె కోతికి ఊయల. దాన్ని సూసి ఊగుదామనుకుంటది గని ఉరుకుదామనుకోది. అందుకే నేనన్న, చేస్తె నారేప కట్టెతోనే చెయ్యాలె."

"నారేప వంగుతదా బావా?" అన్నడు సాయిలు కాక. "మా బాపు గుంటుక దిండు నారేపదే. నీళ్లల్ల ఏస్తె రాయి లెక్క మునుగుతుండె. మొల కొడితె మొల వంగేది గని కట్టెల దిగేది గాదు."

"సూసినవా, తెలిసినోడు తెలిసినట్టు మాట్లాడిండు. వంగదు. అందుకే ఎవ్వడు నారేపతోని విల్లు చెయ్యడు. అందుకే నేను చేసిన. మా తాత కచ్చురం బండి ఇరుసు కొట్టంల ఓ మూలకు పడి ఉండె. నలబై ఏండ్లు అట్లనే ఉన్నది. చెదలు సుత దాని జోలికి పోలె. ఒకపారి పోయినయంట, పండ్లు ఊడి వెనక్కచ్చినయి. దాన్ని గుంజి వాకిట్ల పెట్టిన. బాడిసె పట్టి ఒక్క ఏటు ఏసిన. టంగుమన్నది. కట్టె మీద గీత పడలె, బాడిసె మొఖం అటు మర్లింది. రంద పట్టిన, రంద పలక ఇరిగింది. ఉలి పెట్టిన, ఉలి నా దిక్కు సూసి 'నన్నెందుకు చంపుతవయ్యా' అన్నట్టు మొండిగైంది. గప్పుడు ఏం చేసిన్నో ఎర్కేనా? బీరు సీసలు పలగ్గొట్టిన. ఆ పెంకతోని గోకుడు మొదలుపెట్టిన. పొద్దుగాల ఆరింటికి కూసుంటె మాపటికి చారెడు పొట్టు. చారెడంటె చారెడే. నాలుగు నెలలు గోకిన. సూడుండ్రి సేతులు."

మామ రెండు అరసేతులు తెరిసి సూపిచ్చిండు. గీత మీద గీత, గీత మీద గీత. కొన్ని ఇంకా నల్లగనే ఉన్నయి.

"పలగ్గొట్టే ముందు గా సీసలు ఎవలు ఖాళీ చేసిండ్రన్నా?" అన్నది సత్యవ్వత్త.

"చెల్లె, పని ముచ్చట చెప్పేటప్పుడు అడ్డం రాకు. ఆఁ, ఏడున్న? నాలుగు నెలలు గోకినంక రూపమైతే అచ్చింది. కని రెండు కొనలు ఇంక మందం ఉన్నయి. సీసపెంకతోని కాదని, బస్సెక్కి కోరుట్ల కట్టెకోత మిషన్ కాడికి తీస్కపోయిన. కండక్టర్ అచ్చి, 'పెద్దమనిషీ, ఇద్దరి టికెట్ తీస్కో' అన్నడు. 'ఇంకోడు ఏడి?' అన్న. 'గిదేంది మరి, మనిషంత బరువున్నది, బస్సు ఒక దిక్కు ఒరుగుతున్నది' అన్నడు. గట్ల రెండు టికెట్లు కొని, కట్టెకు కిటికీ సీటు ఇచ్చి తీస్కపోయిన. మిషనాయన నవ్విండు. 'గింత కట్టెకు గింత దూరం అచ్చినవా, రెండు నిమిషాల పని' అన్నడు. సరే అన్న. మిషన్ ఏసిండు. కట్టె పెట్టిండు. ఏమైందో ఎర్కేనా? మక్కలు ఒలిసినట్టు రంపం పండ్లు టపటప టపటప రాలినయి. రాలిన పండ్లు ఏరుకోనీకి డబ్బా పెట్టుకున్నడు. ఇంకో రంపం ఏసిండు. నిప్పురవ్వలు లేసినయి సూడు, దీపావళే. మిషనాయన ఆ రవ్వల మీద బీడీ ముట్టిచ్చుకోని, 'పెద్దమనిషీ, ఇది కట్టెనా రైలు పట్టనా' అన్నడు. గా మోటర్ గుంజలేక గుంజలేక ఊర్ల కరెంటంత తాగింది. సగం కోరుట్లకు లైట్లు పోయినయి. మిగిలిన సగం కోరుట్లోళ్లు ఏమైందో సూద్దామని అచ్చి నా సుట్టు నిలవడ్డరు. గా మందిల నేను కొన రెండు ఇంచులు కోసిన. ఒక్క కొన. ఇంకోదానికి కరెంట్ లేదు."

"మరి ఇంకో కొన?" అన్నడు సాయిలు కాక.

"దానికి ఇంకో పూట పోయిన. మెల్లగ ఇను. రూపం దిద్దుడు అయింది, ఇగ వంచుడు. ఎండు కట్టె వంగది, ఆవిరి పట్టాలె. ఏడ పడ్తం? మెట్‌పల్లి పక్క ఇబ్రహీంపట్నంల మా తోడల్లుడు పసుపు ఏస్తడు, ఆనికి పసుపు ఉడికిచ్చే డ్రమ్మున్నది. మాఘమాసం, పసుపు తవ్వుతున్నరు. డ్రమ్ముల కింద కట్టె, మీద పసుపు కొమ్ములు, మూత పెట్టినం, మంట పెట్టినం. గంటకు పసుపు ఉడికింది, కట్టె ఉడకలె. ఇంకో పసుపు ఏసినం. అదీ ఉడికింది, కట్టె ఉడకలె. తొమ్మిది దినాలు! ఇబ్రహీంపట్నం పసుపంత ఉడికింది, పక్కూళ్ల పసుపు సుత తెచ్చి ఉడికిచ్చుకోని పోయిండ్రు. పదో దినం మూత తీసినం. కట్టె మీద సన్నగ చెమట. నేనన్న, 'ఇగ లొంగింది. చెమట పట్టిందంటె భయం పుట్టినట్టే.' బయటికి తీసినం. పచ్చగ, నిగనిగ, నలుగు పెట్టిన పెండ్లికొడుకు లెక్క ఉన్నది. పసుపు ఏరే ఆడోళ్లు ఇద్దరు సూసి పెండ్లి పాటనే ఎత్తుకున్నరు."

నేను నవ్వాపుకోలేక చాయ్ మీద పోసుకున్న. సాయిలు కాక మాత్రం నవ్వలె. మోకాళ్ల మీద చేతులు పెట్టుకోని, దవాఖానల డాక్టర్ మాట ఇన్నట్టు ఇంటున్నడు.

"వంగిందా బావా మరి?"

"తాడు కట్టాలె గద ముందు. తాడు లేని విల్లు కర్రు లేని నాగలే. నైలాన్ తాడు కట్టిన, పుటుక్కుమన్నది. క్లచ్ వైర్ కట్టిన, పుటుక్కు. బాయి మోటర్ దించే తాడు కట్టిన, అదీ పుటుక్కు. గప్పుడు నాకు సిరిసిల్ల యాదికచ్చింది. రాజమౌళి అని నా దోస్తు, మస్కట్ల నేను ఆడు ఒక్క రూంల ఉంటిమి. ఇప్పుడు సిరిసిల్లల నాలుగు సాంచాలు నడుపుతడు. మనం మరమగ్గం అంటం, ఆళ్లు సాంచా అంటరు. పోయి చెప్పిన. ఆడు రెండు నిమిషాలు కండ్లు మూసుకోని, 'సమ్మన్నా, గీ విల్లుకు తాడు చాలదు, పోగు కావాలె' అన్నడు. బతుకమ్మ చీరెలు నేసినంక మిగిలిన నూలు కండెలు మూలకున్నయి. ఎరుపు, పచ్చ, నీలం. అన్ని కలిపి వెయ్యినూట పదహారు పోగులు తీసినం. ఒక కొన సాంచాకు కట్టినం, ఇంకో కొన నేను పట్టుకున్న. ఆడు తిప్పుడు, నేను పేనుకుంట వెనక్కి నడుసుడు. పేనుడు, నడుసుడు. పేనుడు, నడుసుడు. పోగు మీదనే నా చూపు. ఎవడో నా భుజం తట్టి 'తాతా, దర్శనం లైన్ గటు దిక్కు' అన్నడు. తలెత్తి సూస్తె వేములాడ గుడి!"

"సిరిసిల్ల కెళ్లి వేములాడ దాక వెనక్కి నడుసుకుంట పోయినవా మామా?"

"ముందుకు నడుస్తె పేనిన పోగు ఇప్పుకుంటది గదరా. గాడికెళ్లి రాజమౌళి ఫోన్ చేసిండు. 'అన్నా ఇంకెంత దూరం పోతవ్, నేను సాంచా బంద్ పెట్టి అన్నం తినాలె' అన్నడు. దర్శనం చేసుకోని, తాడు సుట్టుకుంట సుట్టుకుంట వెనక్కచ్చిన."

సత్యవ్వత్త ఇంకో నాలుగు చాయ్‌లు పోసింది. ఈపారి గిలాసలు బల్ల మీద పెట్టి పోలె, ఆమె సుత పొయ్యి కాడ పీట గుంజుకోని కూసున్నది.

"ఇగ తాడు తగిలిచ్చుడు. విల్లు వంగితెనే తాడు తగులుతది. నేను నిలవడి వంచిన, వంగలె. పక్కింటోళ్లు నలుగురు అచ్చిండ్రు, వంగలె. ఎడ్లను కట్టినం, ఎడ్లు మోకాళ్ల మీద కూసున్నయి. ట్రాక్టర్ కట్టినం, ముందటి చక్రాలు గాలిల లేసినయి. రోడ్డు పనికచ్చిన జేసీబీని బతిలాడి తెచ్చిన. దాని చెయ్యి ఒంగింది గని విల్లు ఒంగలె. డ్రైవర్ దిగి విల్లుకు దండం పెట్టి, బండెక్కి పోయిండు. ఇగ నేను నెత్తికి చేతులు పెట్టుకోని కూసున్న. గప్పుడు మీ అత్త కొమురవ్వ ఇంట్లకెళ్లి బయటికచ్చింది. నాలుగు నెలల సంది ఇంటి పనులన్ని ఇడిసిపెట్టి కట్టె గోకుతున్ననని ఆమెకు కడుపుల మంట. వాకిట్ల నిలవడి, నడుము మీద చెయ్యి పెట్టుకోని, విల్లు దిక్కు ఒక్క సూపు సూసింది. మాట లేదు, ముచ్చట లేదు. ఒక్క సూపు. కట్టె దానంతటదే ఇట్ల… ఇట్ల… వంగింది. గా నిమిషంలనే నేను తాడు తగిలిచ్చిన."

"మరి నువ్వు వంగలేదా మామా గా సూపుకు?"

"నేను ముప్పై ఎనిమిదేండ్ల కిందనే వంగినరా. నాది పాత సంగతి."

సత్యవ్వత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. వాన జర జోరైంది. మామ గొంతు సుత దాంతోపాటే పెరిగింది.

"ఉగాది ముంగట ఒక పొద్దుగాల కోతుల దండు దిగింది. ఎన్ననుకుంటున్నరు? మూడు వందల పన్నెండు. అడివి అంచుకెళ్లి నా చేను దాక నేల కనవడలె, అన్ని తోకలే. విల్లు పట్టుకోని గట్టు మీద నిలవడ్డ. కోతిని కొట్టరాదు, పాపం తగులుతది, నాకెరుకే. అందుకే బాణానికి మొన పెట్టలె, పత్తి ముద్ద కట్టిన. చెవు దాక గుంజిన. ఇడిసిన. టంయ్‌ఁ! గా సప్పుడుకు జగిత్యాల బడి పోరగాళ్లు ఇంటి బెల్లనుకోని సంచులేసుకోని బయటికచ్చిండ్రంట. బాణం పోయింది. దండుకు పెద్ద, ఓ ముసలి గండు కోతి, ముందట కూసున్నది. దాని నెత్తి మీదికెళ్లి పోయింది సూడు, నడిమిట్ల పాపిడి తీసినట్టు అటు సగం ఎంటికలు, ఇటు సగం ఎంటికలు! గా తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది?" అన్నడు సాయిలు కాక, గిలాస పక్కన పెట్టి.

"ఉరుకుడు! బాణం ఊకుంటదా? గొర్లకాపరి లెక్క ఒక్కోదాని ఎనుక పడి, ఇటు పొయ్యేదాన్ని అటు, అటు పొయ్యేదాన్ని ఇటు మలుపుకుంట, అన్నిటిని గోదారి దాక తోలింది. గోదారి నిండుగున్నది."

"ఉగాదికి ముంగట గోదారి నిండుతదా అన్నా?" అన్నది సత్యవ్వత్త.

"గా సప్పుడుకు నిండింది చెల్లె. ఒకదాని తోక ఒకటి పట్టుకోని, దారం కట్టినట్టు దాటినయి. ఆఖరుది అవుతలి ఒడ్డెక్కి, ఇటు తిరిగి, రెండు చేతులెత్తి నాకు దండం పెట్టింది."

"గోదారి నీ చేన్లకెళ్లి కనవడ్తదా మామా?"

"విల్లు పట్టుకున్నోనికి అన్ని కనవడ్తయి. అల్లుడా, నిన్నో మాట అడుగుత, నిజం చెప్పు. మార్చి నెల ఆఖరుకు మీ దుబాయ్ క్యాంపు మీద ఏమన్న సప్పుడైందా?"

నేను యాది చేసుకున్న. "ఒకనాడు ఏసీ బందైంది మామా."

"గదే!" మామ తొడ కొట్టిండు. "గోదారి కాడ దాని పని అయిపోయింది గని బాణం ఆగలె. సముద్రం దాటింది, మస్కట్ దాటింది, మీ ఏసీకి రాసుకోని పోయింది. ఇంక దిగలె. భూమి సుట్టు తిరుగుతనే ఉన్నది. దినాం పదకొండింటికి మన బీర్పూర్ మీదికెళ్లి పోతది. నేను టైం దాన్ని సూసే పెట్టుకుంట. ఇయ్యాల మబ్బున్నది గని, లేకుంటె మీకు సూపిద్దును."

నేను, సత్యవ్వత్త ఒక్కపారే రేకుల కిందికెళ్లి తల బయటికి పెట్టి మీదికి సూసినం. సూసి, ఒకల మొఖం ఒకలం సూసుకోని, కడుపులు పట్టుకోని నవ్వినం. మామ సుత నవ్విండు.

సాయిలు కాక నవ్వలె.

"బావా, అన్ని కోతులు అవుతలికి పోయినయా?"

"అన్ని. లెక్కపెట్టిన."

"ఒక్కటి సుత మిగలలె?"

"ఒక్కటి సుత."

"మరి నిన్న నా చేన్ల బుక్కినయేంది బావా?"

గా మాట నేనో సత్యవ్వత్తనో అంటె మామ దగ్గర పది జవాబులు ఉండేటియి. ఆదిలాబాద్ కోతులనేటోడు, సుట్టపుసూపుకు అచ్చినయనేటోడు. కని సాయిలు కాక ఎకసెక్కానికి అడగలె. నిజంగనే అడిగిండు. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి.

"అచ్చి ఉంటే అచ్చినయి గని," అన్నడు కాక, "ఇంకోపారి కొడ్తవా బావా? రేపు నా చేనుకు అస్తవా? అస్తనంటె గీ పాస్‌పోర్ట్ ఇంటికి తీస్కపోత."

మామ నోరు తెరిసిండు. మల్ల మూసిండు. పుట్టి బుద్ధెరిగిన కాడికెళ్లి ఆ మనిషిని గట్ల నేను సూడలె. సప్పుడు జెయ్యకుంట లేసి, కండువ నెత్తి మీద ఏసుకోని వానల నడుసుకుంట పోయిండు.

"పోయిండు పో. ఇగ వారం దినాలు ఇటు దిక్కు రాడు," అన్నది సత్యవ్వత్త.

అచ్చిండు. పావుగంటల అచ్చిండు. భుజం మీద పాత దుప్పట్ల సుట్టిన పొడుగాటి మూట. బల్ల మీద పెట్టి దుప్పటి ఇప్పిండు.

మేము ముగ్గురం సూసుకుంటనే ఉండిపోయినం. నిజంగనే విల్లు. ముదురెరుపు, అంచుల నలుపు, పాము వీపు లెక్క నున్నగున్నది. ఎక్కడ గరుకు లేదు. పట్టుకునే కాడ వేళ్లు సరిగ్గ కూసునేటట్టు చెక్కిండు. రెండు కొనలకు సన్నటి గాట్లు. రంగు రంగుల నూలు తాడు ఒక కొనకే కట్టి ఉన్నది. నేను లేపిన, గడ్డపార లేపినట్టయింది. సాయిలు కాక ఒక కొన నేలకు ఆనిచ్చి, మోకాలు పెట్టి, ఊపిరి బిగవట్టి వంచిండు. ఇంచు సుత వంగలె. నేను వంచిన. ఇద్దరం కలిసి వంచినం. అది మా దిక్కు సూడను సుత సూడలె.

"వంగదు," అన్నడు మామ. బల్ల మీద కూసోని నేల దిక్కు సూస్తున్నడు. "సన్నం చేస్తె ఇరుగుతదని భయం. మందం ఉంచితె వంగది. తోడల్లుని డ్రమ్ముల ఒక పూట పెట్టిన, తొమ్మిది దినాలు గాదు. రాజమౌళి తాడు ఇచ్చిండు, ఆడు ఇంట్ల కూసోనే పేనిండు. నేను మా కొడుకు కలిసి ఒక్కపారి ఎట్లనో తగిలిచ్చినం. ఒక్క బాణం ఏసిన. వాకిట్ల కెళ్లి గేటు దాక సుత పోలె. మా కోడి దాన్ని తొక్కుకుంట పోయింది."

"అయితె ఎందాక నిజం మామా?"

"కట్టె దాక నిజం. తాడు కట్టినంక అన్ని కోతలే."

మామ మల్ల సాయిలు కాక దిక్కు తిరిగిండు.

"నేను పద్దెనిమిదేండ్లు గాడ ఉన్నరా. నా చేను పడావు పడి తుమ్మలు మొలిసినయి. తిరిగచ్చి దున్నుదామంటె మోకాళ్లు లేకపాయె. నువ్వు పోకురా అని చెప్పుదామనుకున్న. ఉత్తగ చెప్తె ఎవలింటరు? అందుకే జర ఎక్కువ చెప్పిన."

సాయిలు కాక విల్లును ఇంకా చేతులనే పట్టుకోని ఉన్నడు. బొటనవేలుతోని దాని వీపు రాస్తున్నడు. "నాలుగు నెలలు గోకినవా బావా?" అన్నడు. "గోకిన," అన్నడు మామ. గంతే.

గప్పుడు సత్యవ్వత్త పీట మీదికెళ్లి లేసింది.

"సమ్మన్నా, నాదొక ముచ్చట. దినాం గీ ఏళకు నా రేకుల మీద పదిపదిహేను కోతులు దుంకుతయి. బిస్కెట్ పుడలు ఎత్తుకపోతయి. ఇయ్యాల ఒక్కటన్న అచ్చిందా?"

మేము రేకుల దిక్కు సూసినం. రాలె.

"వానకు రాలేదేమో," అన్నడు మామ.

"నిన్న వాన పడలేదా? అచ్చి పోలేదా? నువ్వు గంటన్నర సంది గొంతు చించుకుంటున్నవ్, గందుకు రాలె. నీకు విల్లెందుకన్నా? సాయిలు చేన్ల మంచె ఎక్కి గిట్లనే మాట్లాడు. కోతులేంది, అడివిపందులు సుత ఇల్లు ఖాళీ చేసి పోతయి."

ముందు నేను నవ్విన. మల్ల సాయిలు కాక నవ్విండు, భుజాలు ఊపుకుంట, కండ్లు తుడుసుకుంట. మామ ఒక్కడే నవ్వలె. సీరియస్‌గ గదవ రాసుకుంటున్నడు.

"మంచె గట్టిగున్నదా?" అని అడిగిండు.

"గట్టిగున్నది బావా."

"ఎన్నింటికి రావాలె?"

"ఆరింటికి అచ్చినా సాలు."

"ఆరింటికా? నాలుగింటికే లేస్త. మా వాడకట్టు కోళ్లను లేపేటోన్ని నేనే," అన్నడు మామ, సల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగి.

తెల్లారి నుంచి మామ మంచె మీదనే. పొద్దుందాక మాటలే. ఎవలు లేకున్న మాటలే. మస్కట్ ముచ్చట్లు, ఒంటె ముచ్చట్లు, ఎనబై అంతస్తుల మీదికెళ్లి కింద పడి లేసి డ్యూటీకి పోయిన ముచ్చట్లు. కొమురవ్వత్త సద్ది కట్టి ఇచ్చేటప్పుడు సాయిలు కాకను దీవిచ్చిందంట. "ఇల్లు సల్లగున్నది తమ్మీ," అన్నదంట. నేను మూడు నాలుగు పార్లు పోయి నా కండ్లతోని సూసిన. కోతులు అడివి అంచుకు, చెట్ల మీద వరుసగ కూసోని మంచె దిక్కు సూసేటియి. చేన్ల మాత్రం కాలు పెట్టలె. నేను తిరిగి పొయ్యే వారం ముందు సాయిలు కాక కంకులు ఇరిసిండు. నాలుగు సాళ్లు తప్ప అంత ఇంటికచ్చింది. వీసా ముచ్చట మల్ల ఎత్తలె.

దుబాయ్ అచ్చినంక ఓ ఆదివారం, సెలవు నాడు, మధ్యాహ్నం రూంల అందరం ఉల్లిగడ్డలు కోసుకుంట కూసున్నం. ఊరి ముచ్చట్లు చెప్పు అన్నా అని పోరగాళ్లు అడిగితె, గిదంత మొదలుకెళ్లి చెప్పిన. రంపం పండ్లు, పసుపు డ్రమ్ము, వేములాడ, బాణం, గేటు కాడ కోడి, మంచె, కోతులు, అన్ని. సిరిసిల్ల నితిన్ అని మా రూంల ఒకడున్నడు, మాట తక్కువ మనిషి. ఆఖరు దాక ఇని, కత్తి పక్కకు పెట్టిండు.

"అన్నా, కట్టె చెమట పట్టింది నమ్మిన. మా ఊరికెళ్లి వేములాడ దాక వెనక్కి నడిసిండు, అదీ నమ్మిన. బాణం ఇంక తిరుగుతున్నది, పోనీ తియ్యి. గని ఉత్త మాటలకు కోతులు చేన్లకు రాలేదంటున్నవ్ సూడు, గక్కడ జర ఎక్కువ కోసినవ్."